ఫ్యోదొర్ ఉవారొవ్: బొరొదినోలో ఆ గుర్రపు దాడి ఎందుకు ఆగింది, పతకం ఎందుకు రాలేదు?

కావలి చదువరి:

అందరికీ నమస్కారం. కావలిలో డిగ్రీ చరిత్ర విద్యార్థులకు నెపోలియన్ కాలపు అశ్వదళాల మీద గంటసేపు మాట్లాడాలి. ఫ్రెంచి వైపు అశ్వదళ నాయకుడు మ్యూరా సంగతి ఎటూ అందరూ చెప్పేదే గదా, అందుకని రష్యా వైపు నుంచి జనరల్ ఫ్యోదొర్ పెత్రోవిచ్ ఉవారొవ్‌ను ఎంచుకున్నా. తీరా చదవబోతే ఒక్కో చోట ఒక్కో మాట ఉంది. ఒకే యుద్ధానికి రెండు తేదీలు. 1805 ఆస్టర్లిట్జ్ యుద్ధంలో షెవాలియర్ గార్డుల (చక్రవర్తి గార్డు సైన్యపు గుర్రపు రెజిమెంటు) దాడి నడిపింది ఆయనేనని ఒకరు, కాదని ఒకరు. 1812లో మాస్కో దారిలో నెపోలియన్‌తో జరిగిన బొరొదినో యుద్ధం అయితే మరీ గందరగోళం. ఫ్రెంచి సైన్యం పక్కలోకి చొరబడి కలకలం రేపాడంటారు, ఆ వెంటనే రష్యా ప్రధాన సేనాని కుతూజొవ్ ఆయన్ని పతకానికి సిఫారసు చెయ్యలేదంటారు. గెలిచిన పనైతే పతకం ఎందుకు రాలేదు? చెడిన పనైతే ఇంతమంది ఎందుకు మెచ్చుకుంటున్నారు?

ఇంకోటి. బోర్డు మీద బాణం గుర్తులు గీస్తే పిల్లలకు ఎక్కదు. చెక్క పళ్ళెంలో ఇసుకతో బొరొదినో ఉత్తరపు పక్కను తయారుచేసి చూపించాలని ఉంది. కొలతలు ఎట్టా పెట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు పంచాంగం:

ముందు తేదీల చిక్కు విప్పుకుందాం, అది తేలితే మిగతా వరుస దానంతటదే కుదురుతుంది. రష్యా 1918 దాకా జూలియన్ క్యాలెండర్ వాడింది. మనం వాడే గ్రెగోరియన్‌కూ దానికీ తేడా 18వ శతాబ్దంలో 11 రోజులు, పాత లెక్కలో 1800 మార్చి 1 నుంచి 12 రోజులు. ఉవారొవ్ సర్వీసు ఈ రెండు కాలాల్లోనూ ఉంది కాబట్టి అంతటికీ ఒకే అంకె కలిపితే తప్పొస్తుంది. 1794 వార్సా తిరుగుబాటు పాత లెక్కలో ఏప్రిల్ 6, కొత్తలో ఏప్రిల్ 17. ఆస్టర్లిట్జ్ 1805 నవంబర్ 20, కొత్తలో డిసెంబర్ 2. బొరొదినో 1812 ఆగస్టు 26, కొత్తలో సెప్టెంబర్ 7. మీ కాగితంలో ఒకే పద్ధతి పెట్టుకుని, పైన ఒక్కసారి ఆ ముక్క రాసుకోండి. రెండు పద్ధతులూ కలిపితే పిల్లలు రెండు యుద్ధాలు అనుకుంటారు.

ఇక సర్వీసు. పుట్టింది 1769లో, తులా ప్రాంతపు కులీన కుటుంబంలో. కొన్నిచోట్ల 1773 అని కూడా కనిపిస్తుంది. సైన్యం పుస్తకంలో పేరు చిన్నతనంలోనే ఎక్కింది. అది అప్పటి కులీనుల ఆనవాయితీ, కాబట్టి ఏడేళ్ళ పిల్లాడు సార్జెంటా అని ఎవరైనా అడిగితే జవాబు అదే. అసలు సర్వీసు 1788లో పదాతిదళంలో కెప్టెన్‌గా మొదలై, 1790లో డ్రాగూన్లలోకి (ఒక రకం గుర్రపు దళం) మారింది. 1794లో పోలండ్‌లో పోరాడాడు. ఏప్రిల్‌లో వార్సా వీధుల్లో చిక్కుకున్న రష్యన్ దళాల్లో ఆయనా ఉన్నాడు, శరదృతువులో రష్యన్ సేనాని సువోరొవ్ సైన్యంతో కలిసి వార్సా శివారు ప్రాగా మీద దాడిలోనూ ఉన్నాడు.

తర్వాతి ఎగుదల మాత్రం యుద్ధభూమిలో వచ్చింది కాదు, ఇది పిల్లలకు దాచకుండా చెప్పండి. లొపుఖిన్ కుటుంబంతో దగ్గరతనం వల్ల పావెల్ చక్రవర్తి దర్బారులో చోటు దొరికింది. 1798లో కల్నల్, అదే సంవత్సరం మేజర్ జనరల్, అడ్జుటెంట్ జనరల్. 1799లో షెవాలియర్ గార్డుల అధిపతి. 1800 నవంబర్‌లో లెఫ్టినెంట్ జనరల్. ఇంత చేసిన పావెల్ మీదే 1801 మార్చిలో కుట్ర జరిగితే ఉవారొవ్ కుట్రదారుల్లో ఒకడు. కొత్త చక్రవర్తి అలెగ్జాండర్ ఆయన్ని చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. కల్నల్ నుంచి లెఫ్టినెంట్ జనరల్‌కు రెండేళ్ళు. అక్కణ్ణుంచి పై మెట్టు, అంటే అశ్వదళ పూర్తి జనరల్ హోదా, 1813 అక్టోబర్‌లో లైప్‌జిగ్ తర్వాత గానీ రాలేదు. మధ్యలో పదమూడేళ్ళు. ఆ పదమూడేళ్ళలోనే ఆస్టర్లిట్జ్‌కు సెయింట్ జార్జ్ పతకం మూడో తరగతి, 1807లో హైల్స్‌బెర్గ్, ఫ్రీడ్‌లాండ్ యుద్ధాలు, 1810లో తురుష్కులతో దాన్యూబ్ యుద్ధంలో బాతిన్ దగ్గర గెలుపుకు సెయింట్ జార్జ్ రెండో తరగతి వచ్చాయి. దర్బారు మనిషి అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళు ఈ భాగం చదవరు. రెండో తరగతి జార్జ్ అంటే దయతో ఇచ్చేది కాదు, ఆ శతాబ్దం మొత్తంలో దాన్ని అందుకున్నవాళ్ళు బహు కొద్దిమంది.

బొమ్మలు వెతికేటప్పుడు జాగ్రత్త. ఉవారొవ్ అని వెతికితే సెర్గేయ్ సెమ్యోనొవిచ్ ఉవారొవ్ ఎక్కువగా వస్తాడు. ఆయన 1833 నుంచి విద్యామంత్రి, వేరే మనిషి. పౌర దుస్తుల్లో, పుస్తకాల బల్ల పక్కన ఉన్న బొమ్మ కనిపిస్తే అది మన జనరల్‌ది కాదు.

పెన్నేటి గట్టు:

ఆస్టర్లిట్జ్ విషయం క్లుప్తంగా. రష్యా సైన్యంలో ఒక రెజిమెంటుకు 'అధిపతి' వేరు, రోజూ నడిపే 'కమాండర్' వేరు. అధిపతి సాధారణంగా జనరల్. యుద్ధంలో ఆయనకు వేరే పెద్ద దళం అప్పగిస్తే, రెజిమెంటును కమాండర్ తీసుకెళ్తాడు. ఆ రోజు షెవాలియర్ గార్డులు మహాప్రభువు కన్‌స్తంతీన్ కింద గార్డు సైన్యంతో ఉన్నారు, నడిపింది దెప్రెరాదొవిచ్. వాగు దగ్గర ఫ్రెంచి గార్డు గుర్రాల చేతిలో చితికిపోతున్న ప్రెయొబ్రజెన్‌స్కీ, సెమ్యోనొవ్‌స్కీ పదాతిని తప్పించడానికి దూకింది వీళ్ళే. నాలుగో స్క్వాడ్రన్ (రెజిమెంటులో ఒక భాగం) దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, దాని నాయకుడు ప్రిన్స్ రెప్నిన్ గాయాలతో పట్టుబడ్డాడు.

ఉవారొవ్ ఆ వేళ వేరే చోట ఉన్నాడు. ఉత్తరాన రష్యన్ జనరల్ బగ్రతియొన్ పక్కన యెలిజవెత్‌గ్రాద్ హుస్సార్లు (తేలిక గుర్రపు దళం), డ్రాగూన్ రెజిమెంట్లతో మ్యూరా అశ్వదళాన్ని, దాని వెనక ఉన్న పదాతిని ఎదుర్కొంటూ, బగ్రతియొన్ తీరుగా వెనక్కి రావడానికి సాయపడ్డాడు. జార్జ్ పతకం ఆ పనికి. బొమ్మల్లో కనిపించే తెల్లకోటు షెవాలియర్ల దాడిని ఆయన పేరుతో అంటగట్టకండి.

సింగరాయకొండ స్టేషన్‌రోడ్డు:

అన్నా, బొరొదినో గురించి కొంచెం పొడుగ్గానే రాస్తా, మీ ప్రసంగానికి గుండెకాయ అదే గదా.

దళం లెక్కతో మొదలెట్టండి. ఉవారొవ్ కింద ఉన్నది రష్యన్ జనరల్ బార్క్లయ్ సైన్యపు ఒకటో అశ్వదళ కోర్, అంటే కొన్ని రెజిమెంట్లు కలిసిన పెద్ద దళం. గార్డు హుస్సార్లు, గార్డు ఉలాన్లు (ఈటెల గుర్రపు దళం), గార్డు డ్రాగూన్లు, గార్డు కొసాక్కులు, నేజిన్ డ్రాగూన్లు, యెలిజవెత్‌గ్రాద్ హుస్సార్లు. మొత్తం 28 స్క్వాడ్రన్లు, దాదాపు 2,500 గుర్రాలు, 12 గుర్రపు ఫిరంగులు. అప్పటి రష్యన్ గుర్రపు ఫిరంగి కంపెనీలో ఆరు 6-పౌండర్లు, ఆరు పావు-పూద్ యూనికార్న్‌లు. యూనికార్న్ అంటే తూటానూ పేలుడు గుండునూ రెండింటినీ విసిరే పొట్టి ఫిరంగి. పక్కన జనరల్ ప్లాతొవ్ నడిపే దోన్ కొసాక్కులు (దోన్ నది ప్రాంతపు గుర్రపు యోధులు). పదాతి మాత్రం ఒక్క బెటాలియన్ కూడా లేదు. ఈ ఒక్క వాక్యం పిల్లల చేత రాయించండి, తర్వాత జరిగిందంతా దీంట్లోంచే వస్తుంది.

ఆలోచన పుట్టింది ప్లాతొవ్ వైపు నుంచి. తెల్లవారుజామున కొలొచా నది దాటి చూస్తే ఫ్రెంచి ఎడమ పక్క దాదాపు ఖాళీ. ఆ కబురు ప్రధాన శిబిరానికి చేరింది, సిబ్బంది అధికారి తోల్ సమర్థించాడు, కుతూజొవ్ సరేనన్నాడు. అప్పటికే దక్షిణాన రష్యన్లు కాపాడుతున్న బగ్రతియొన్ కందకాల దగ్గర మారణహోమం నడుస్తోంది. ఉవారొవ్ మాలొయె గ్రామం దగ్గర కొలొచా రేవు దాటి, ఉత్తరంగా చుట్టి, మధ్యాహ్నానికి దగ్గర పడుతుండగా బెజ్జూబొవొ గ్రామం ముందుకొచ్చాడు.

అక్కడ అడ్డం వచ్చింది వొయ్‌నా వాగు. ఈ పేరు చదవగానే మన మన్నేరు, పాలేరు మనసులోకి వస్తాయి. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనపడే వాగు, గుర్రం ఎక్కడైనా దిగి ఎక్కేస్తుంది అనిపిస్తుంది. వొయ్‌నా అట్టాంటిది కాదు. బంక అడుగు, బురద గట్లు, పైగా మిల్లు కోసం కట్ట వేసి నీళ్ళు నిలబెట్టారు. దాటడానికి ఉన్నది ఆ ఇరుకు కట్టే. అవతల గట్టు మీద గ్రామం, గ్రామంలో శత్రు పదాతి. ఇవతల గట్టున కూడా ఒక పదాతి రెజిమెంటు వాగుకు వీపు పెట్టి చదరపు వ్యూహం కట్టింది. ఫ్రెంచి జనరల్ ఒర్నానో తేలిక అశ్వదళం అప్పటికే వాగు దాటి వెనక్కి జారుకుంది.

ఇక్కడే అసలు పొరపాటు. చదరపు వ్యూహానికి నాలుగు వైపులా తుపాకీ మొనల బాకులు. గుర్రం ఎంత వేగంగా వచ్చినా బాకుల గోడ మీదకు దూకదు, పక్కకు తిరుగుతుంది. తిరిగిన గుర్రానికి పక్కభాగం తుపాకీకి గురి అవుతుంది. దాన్ని పగలగొట్టే పద్ధతి ఆ కాలంలో అందరికీ తెలిసిందే. మూడు నాలుగు వందల మీటర్ల దూరాన ఫిరంగులు నిలబెట్టి గుళ్ళ డబ్బాలు పేల్చాలి. పదాతి తుపాకీ నూరు మీటర్లు దాటితే నికరంగా తగలదు కాబట్టి ఫిరంగులకు భయం లేదు. వ్యూహం ముందుకు వచ్చి ఫిరంగులను పట్టుకుందామంటే విడిపోవాలి, విడిపోతే గుర్రాలు కాచుకుని ఉన్నాయి. అందుకే చదరం అక్కడే నిలబడి చావాలి, లేదా చెదరాలి. చెదిరిన క్షణాన హుస్సార్లను వదలాలి.

ఉవారొవ్ చేతిలో 12 ఫిరంగులు ఉన్నాయి. ఆయన కోర్‌లో ఆ రోజు సిబ్బంది అధికారిగా ఉన్నది మరెవరో కాదు, తర్వాత యుద్ధ సిద్ధాంతానికి పేరైన కార్ల్ ఫాన్ క్లౌజెవిట్జ్. ముందు ఫిరంగులు వాడమని తాను చెప్పానని ఆయన రాశాడు. రష్యన్ అధికారులు ఒప్పుకోలేదు. ఫిరంగి మొదలెడితే ఆ రెజిమెంటు కట్ట మీదుగా అవతలికి జారుకుంటుంది, బందీలు దొరకరు అని వాళ్ళ భయం. గార్డు హుస్సార్లను వదిలారు. మూడుసార్లు వెళ్ళారు, మూడుసార్లూ తిరిగొచ్చారు. అప్పుడు ఫిరంగులు పేల్చితే, ఆ రెజిమెంటు వాళ్ళు భయపడ్డట్టే కట్ట దాటి వెళ్ళిపోయింది. హుస్సార్ల ప్రాణాలూ పోయాయి, బందీలూ దొరకలేదు.

ఆ తర్వాత కట్ట మీద దాడి అశ్వదళానికి పని కాదు. గుర్రాలు ముగ్గురేసి దాటుతాయి అనుకోండి. 2,500 గుర్రాలు, వరుసకు మూడు, వరుసకు వరుసకు మూడు మీటర్లు. పొడవు రెండున్నర కిలోమీటర్లు. నడక వేగంతో, అవతల ఒక్క తుపాకీ కూడా లేకుండా దాటినా దాదాపు అరగంట. అవతల ఇళ్ళ చాటున పదాతి ఉంటే మొదటి పది వరుసలు పడగానే కట్ట మూసుకుపోతుంది. అప్పుడు కావలసింది గ్రామంలోకి దిగి పోట్లాడే రెండు మూడు పదాతి బెటాలియన్లు. అవి లేవు.

కావలి చదువరి:

అన్నా, బహు బాగా విప్పి చెప్పారు. రెండు సందేహాలు. క్లౌజెవిట్జ్ ఆ పదాతి ఇటాలియన్లు అంటాడు, వేరేచోట ఫ్రెంచి 84వ రెజిమెంటు అని ఉంది. ఏది పెట్టుకోను? రెండోది, ప్లాతొవ్ కొసాక్కులు ఇంతసేపూ ఏం చేస్తున్నారు?

సింగరాయకొండ స్టేషన్‌రోడ్డు:

84వ రెజిమెంటే పెట్టుకోండి. అది డెల్జాన్ డివిజన్‌లోది, ఆ డివిజన్ యూజెన్ నడిపే నాలుగో కోర్‌లోది. యూజెన్ ఇటలీకి నెపోలియన్ ప్రతినిధి, ఆ కోర్ ఇటలీ నుంచి కదిలి వచ్చింది, అందులో ఇటాలియన్ గార్డు కూడా ఉంది. ఎదుటి గట్టు నుంచి చూసినవాడు అందరినీ ఇటాలియన్లు అనుకోవడంలో వింతేమీ లేదు. క్లౌజెవిట్జ్‌ను చదివేటప్పుడు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి: ఆయనకు రష్యన్ రాదు. సైన్యంలో జర్మన్, ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు చెప్పింది ఆయనకు బాగా అందింది, మిగతాది అంతంత మాత్రం. ఫిరంగుల వాదన ఆయన కళ్ళ ముందు జరిగింది కాబట్టి అది గట్టి సాక్ష్యం. కుతూజొవ్ మనసులో ఏముందో అన్న చోట అంత బరువు వెయ్యకండి.

కొసాక్కులు ఎగువన వేరే చోట వాగు దాటారు. దొరికిన దారుల్లో చిన్నచిన్న గుంపులుగా అవతలికి పోయి, తోటల చాటున ఫ్రెంచి వెనక తేలారు. బెజ్జూబొవొ గ్రామంలోని పదాతి ఆ దృశ్యం చూసి వెనక్కి తగ్గింది. అంతమాత్రమే. బారు కట్టిన పదాతి మీదకు, ఫిరంగి మీదకు నేరుగా దూకడం కొసాక్కుల పద్ధతి కాదు. సామాన్ల బండ్లు, ఒంటరి బృందాలు, వెనక్కి పరుగెత్తేవాళ్ళు, ఇవి వాళ్ళ పని. ఉవారొవ్ కట్ట దాటి వాళ్ళకు వెన్నుగా నిలబడితే ఈ రెండు దళాలు కలిసి నిజమైన దెబ్బ కొట్టేవి. ఆయన ఇవతలే ఆగిపోయాడు.

ట్రంకురోడ్డు నెల్లూరు:

సింగరాయకొండ అన్న చెప్పిన వివరాలన్నీ సరే. కానీ కథ బెజ్జూబొవొ గట్టు మీదే ఆపేస్తే ఉవారొవ్‌కు అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. అదే వేళ దక్షిణాన ఏం జరుగుతోందో పక్కన పెట్టి చూడండి.

రష్యన్ బారు మధ్యలోని రయేవ్‌స్కీ బురుజు మీద ఫ్రెంచివాళ్ళ మొదటి పెద్ద దాడి ఉదయం విరిగిపోయింది. బురుజును కాపాడిన రయేవ్‌స్కీ కోర్ అప్పటికి నిలబడలేని స్థితిలో ఉంది. యూజెన్ రెండో దాడికి మనుషులను కూడగడుతున్నాడు. సరిగ్గా అప్పుడు ఎడమ పక్క నుంచి కబురు: రష్యన్ అశ్వదళం వాగు దగ్గరుంది, వెనక కొసాక్కులు. యూజెన్ స్వయంగా కొలొచా దాటి ఉత్తరానికి వెళ్ళాడు, ఒక దశలో 84వ రెజిమెంటు చదరంలోనే తలదాచుకోవలసి వచ్చింది. ఇటాలియన్ గార్డును అటు తిప్పాడు. అక్కడ ప్రమాదం లేదని తేలి మళ్ళీ వచ్చి బురుజు మీద దాడి మొదలయ్యేసరికి దాదాపు రెండు గంటలు పోయాయి. ఆ రెండు గంటల్లో బార్క్లయ్ ఒస్తెర్మాన్-తొల్‌స్తొయ్ నాలుగో కోర్‌ను కుడివైపు నుంచి తెచ్చి, చితికిన రయేవ్‌స్కీ మనుషుల స్థానంలో నిలబెట్టాడు. బురుజు మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో పడింది నిజమే. కానీ దాని వెనక గోడ ఉంది, ఫ్రెంచి గుర్రాలు ఆ గోడను దాటలేకపోయాయి.

అంటే ఉవారొవ్ చంపిన మనిషి కంటే, నిలబడ్డ చోటు ఎక్కువ పని చేసింది. అశ్వదళంతో ఇట్టాంటి ఫలితం తరచుగా వస్తుంది. శత్రువు తన వెనక గుర్రాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకునే స్థితిలో ఉండడు.

పతకం సంగతి ఇందులోంచే అర్థమవుతుంది. కుతూజొవ్ ఆశించింది రెండు గంటల ఆలస్యం కాదు. ఫ్రెంచి ఎడమ పక్క కదిలిపోయి నెపోలియన్ పెద్ద సైన్యాన్ని అటు తిప్పాలని ఆయన కోరిక. ఆ కొలతతో చూస్తే మూడు విఫల దాడులు, ఒక మిల్లు కట్ట, మధ్యాహ్నం తర్వాత వెనక్కి రావడం. యూజెన్ ఎంత కంగారుపడ్డాడో, బురుజు మీద దాడి ఎందుకు ఆగిందో ఆ సాయంత్రం రష్యన్ శిబిరంలో ఎవరికీ తెలిసే వీలు లేదు. ఆ విలువ ఫ్రెంచి వైపు జ్ఞాపకాలు బయటికి వచ్చాకే కట్టగలిగారు. సిఫారసు జాబితాలో ఉవారొవ్, ప్లాతొవ్ ఇద్దరి పేర్లూ లేవు. దానికి పగలు, దర్బారు కక్షలు అంటూ కథలు అల్లేవాళ్ళున్నారు, అవన్నీ వద్దు.

సింగరాయకొండ స్టేషన్‌రోడ్డు:

ట్రంకురోడ్డు అన్నతో ఫలితం విషయంలో నాకు పేచీ లేదు. ఒక్కటి మాత్రం వదలను. ఫలితం కుదిరినంత మాత్రాన ఫిరంగులు ముందు వాడకపోవడం ఒప్పు అయిపోదు. మొదటి అరగంటలోనే ఫిరంగులు పేల్చి ఉంటే, కట్ట మీద ఇరుక్కున్న రెజిమెంటును తూటాలు తరిమేవి, ఆ గందరగోళంలో వాళ్ళ వెన్నంటి గుర్రాలు కట్ట ఎక్కే అవకాశం ఉండేది. పారిపోయేవాళ్ళతో కలిసి దాటడం ఒక్కటే ఇరుకు దారిని అశ్వదళం గెలిచే మార్గం. బందీల కోసం ఆశపడి ఆ అవకాశాన్ని మూడు దాడుల్లో ఖర్చుపెట్టారు. పిల్లలకు ఇది తప్పక చెప్పండన్నా.

దీనికి జోడుగా వ్యాజ్మా చూపించండి. 1812 నవంబర్ 3, కొత్త లెక్క. వెనక్కి పోతున్న ఫ్రెంచి సైన్యాన్ని రష్యన్ జనరల్ మిలొరాదొవిచ్ పట్టుకున్నాడు. కుతూజొవ్ ఉవారొవ్‌ను కిరసీర్ గుర్రాలతో సాయం పంపాడు. మళ్ళీ బురద గట్ల వాగు, మళ్ళీ గుర్రాలు దాటలేని చోటు. ఫిరంగులు దూరం నుంచి పేల్చడం తప్ప ఇంకేమీ జరగలేదు. కిరసీరు అంటే పెద్ద గుర్రం, ఇనుప కవచం, బరువైన మనిషి. గట్టి నేల మీద వాళ్ళంత దెబ్బ ఎవరూ కొట్టలేరు, బురదలో వాళ్ళంత నిస్సహాయులూ ఉండరు. రెండు సందర్భాల్లోనూ వెంట పదాతి లేదు. తప్పు ఒక్క ఉవారొవ్‌దే కాదు, పంపిన శిబిరానిది కూడా.

కందుకూరు బొమ్మలబడి:

ఇసుక పళ్ళెం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా.

కొలత 1:10,000 పెట్టుకోండి, అంటే కిలోమీటరుకు 10 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల పొడుగు, 45 వెడల్పు, 6 లోతు ఉన్న చెక్క పళ్ళెం అయితే ఆరు కిలోమీటర్లు, నాలుగున్నర కిలోమీటర్లు పడుతుంది. గోర్కి గ్రామం, బొరొదినో, బెజ్జూబొవొ, రయేవ్‌స్కీ బురుజు అన్నీ ఇందులో ఇముడుతాయి. బగ్రతియొన్ కందకాలను వదిలెయ్యండి, మీ పాఠానికి అక్కర్లేదు.

పొడుగు కొలతతోనే ఎత్తులు కడితే నేల చదునుగా కనపడుతుంది. అక్కడి గుట్టలు వాగు మట్టానికి ఇరవై ముప్పై మీటర్లకు మించవు, అది పళ్ళెంలో రెండు మూడు మిల్లీమీటర్లే. ఎత్తును ఐదు రెట్లు పెంచండి, సెంటీమీటరు, సెంటీమీటరున్నర వస్తుంది. ఆ మాట పళ్ళెం అంచున చీటీ రాసి అంటించండి, లేకపోతే పిల్లలు కొండలు అనుకుంటారు.

తుమ్మలపెంట సముద్రపు ఇసుక దగ్గరే గదా అని అది తేవద్దు. ఉప్పు తేమ పట్టి చెక్క ఉబ్బుతుంది, మేకులు తుప్పు పడతాయి. ఏటి ఇసుకను సన్న జల్లెడ పట్టి, మూడు పాళ్ళ ఇసుకకు ఒక పాలు చెరువు మట్టి కలిపి, పిడికిలి పడితే ముద్ద నిలిచేంత తడి చెయ్యండి. మట్టి లేకుండా ఉట్టి ఇసుకైతే గట్లు గంటలో జారిపోతాయి. మట్టి ఎక్కువైతే ఆరి పగుళ్ళిస్తుంది. తయారు చేసిన రోజే చూపించండి, లేదంటే తడిగుడ్డ కప్పి ఉంచండి.

కొలొచాను నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా, నీలం ఉన్నిదారంతో పెట్టండి. వొయ్‌నా వాయవ్యం నుంచి వచ్చి బొరొదినో దగ్గర దాంట్లో కలుస్తుంది, దానికి సన్న దారం. బెజ్జూబొవొ దగ్గర ఒక్క చోట దారాన్ని వెడల్పు చేసి, అడ్డంగా అగ్గిపుల్ల పెడితే మిల్లు కట్ట. బొరొదినో నుంచి బెజ్జూబొవొ రెండు రెండున్నర కిలోమీటర్లు, అంటే పళ్ళెంలో జానెడు. స్మొలెన్‌స్క్ రోడ్డు బొరొదినో మీదుగా గోర్కికి పోతుంది, దానికి పసుపు దారం.

దళాలకు అగ్గిపుల్ల ముక్కలు చాలు. 28 స్క్వాడ్రన్లలో 2,500 గుర్రాలంటే స్క్వాడ్రన్‌కు దాదాపు తొంభై. రెండు బారులుగా నిలబడితే ముందు వరుసలో నలభై ఐదు గుర్రాలు, గుర్రానికి మీటరు లెక్కన నలభై ఐదు మీటర్లు. మీ కొలతలో నాలుగున్నర మిల్లీమీటర్లు. 28 ముక్కలు కోసి, రంగు వేసి, పక్కపక్కన పెడితే పన్నెండున్నర సెంటీమీటర్ల బారు వస్తుంది. ఆ బారును పిల్లల చేతనే జరిపిస్తూ కట్ట దాకా తెప్పించండి. కట్ట వెడల్పుకు ఒక ముక్క కూడా అడ్డంగా పట్టదు, ఒక్కొక్కటి నిలువుగా తిప్పి దాటించాలి. సింగరాయకొండ అన్న చెప్పిన అరగంట లెక్క అప్పుడు వాళ్ళ వేళ్ళకే తెలుస్తుంది.

పదాతి చదరాన్ని బియ్యపు గింజంత మైనంతో చెయ్యండి. ఫిరంగులను దాని నుంచి మూడున్నర సెంటీమీటర్ల దూరంలో పెట్టండి, తుపాకీ దెబ్బ పడే దూరం ఒక్క సెంటీమీటరు అని పక్కన గీత గీయండి. ఆ రెండు దూరాల తేడా కళ్ళకు కనపడితే, ఫిరంగులు ముందు ఎందుకు వాడాలో వేరే చెప్పక్కర్లేదు.

కావలి చదువరి:

అక్కా, అన్నలూ, ఇంతకంటే ఏం కావాలి. చివరగా ఒక్కటి: 1812 తర్వాత ఏం చెప్పాలి? వీలునామాలో డబ్బు ఇచ్చి విజయ ద్వారం కట్టించాడని చదివాను, అది నిజమేనా?

ఒంగోలు పంచాంగం:

నిజమే. బొరొదినో తర్వాత మాస్కో బయట ఫీలీ గ్రామంలో జరిగిన సేనానుల మంత్రాంగంలో ఉన్నాడు, మాస్కోను వదలకుండా పోరాడాలన్న వైపు నిలబడ్డాడు. 1813, 1814లో చక్రవర్తి వెంట పారిస్ దాకా. 1821లో గార్డు కోర్ మొత్తానికి కమాండర్. అంతకుముందు ఏడాదే సెమ్యోనొవ్‌స్కీ రెజిమెంటులో అలజడి చెలరేగింది, అంటే ఆయన చేతికొచ్చింది తేలికైన బాధ్యత కాదు. చనిపోయింది 1824 నవంబర్ 20, పాత లెక్కలో. ఆస్టర్లిట్జ్ తేదీ కూడా అదే, కాబట్టి కాగితంలో ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి. బాతిన్, బొరొదినో కూడా రెండేళ్ళ తేడాతో ఒకే ఆగస్టు 26.

ద్వారం పీటర్స్‌బర్గ్‌లోని నార్వా ద్వారం. 1814లో పారిస్ నుంచి తిరిగొచ్చే గార్డు సైన్యానికి స్వాగతంగా వాస్తుశిల్పి క్వారెంఘి ఒక చెక్క ద్వారం కట్టాడు, అది త్వరలోనే శిథిలమైంది. ఉవారొవ్ గార్డు సైన్యం స్మారకానికి 4 లక్షల రూబుళ్ళు వీలునామాలో రాశాడు. వాస్తుశిల్పి స్తాసొవ్ 1827 నుంచి 1834 మధ్య దాన్ని ఇటుకతో కట్టి, పైన రాగి రేకు తొడిగించాడు. మీద విజయదేవత రథం, ఆరు గుర్రాలు, ఆ గుర్రాలు శిల్పి క్లొద్త్ చేసినవి. గోడల మీద గార్డు రెజిమెంట్ల పేర్లు చెక్కి ఉంటాయి, గుర్రపు వాళ్ళవే కాదు, పదాతివి కూడా.

తెరమీద ఫోటో వేసేటప్పుడు మాస్కో విజయ ద్వారంతో తికమక పడకండి, దాని మీద కూడా ఆరు గుర్రాల రథమే. మాస్కోది తెల్ల రాయి, నల్ల పోత ఇనుప స్తంభాలు. నార్వాది పై నుంచి కింద దాకా రాగి పాచిపట్టిన ఆకుపచ్చ రంగు.